చేను కంచెను మేస్తే...

కంచే చేను మేస్తే ఇక దిక్కెవరని మన సామెత. కాపలా కాయవలసినవాడే కాజేయడానికి దిగితే చెప్పుకునే చోటు వుండదని దాని భావం. ఈ సామెత వినని తెలుగువాడు వుండడు. అయితే ఈ వారం దాన్ని తలకిందులు చేసి చూడవలసిన పని పడింది. చేనే కంచెను మేస్తే? అప్పుడు దిక్కెవరు?

చేను అంటే మన సేద్యం. కంచె అంటే ముళ్ళకంప అనుకునేరు. తెలంగాణా పల్లెల్లో పశువుల మేతకోసం విడిచిపెట్టిన గడ్డినేలను "కంచ" అంటారు. చుట్టూ కంచె వేసి, గడ్డి ఎదిగేదాకా పశువును లోపలికి రానీయకుండా కాపాడేవారు గనుక ఆ పేరు వచ్చిందంటారు. నెల్లూరు సీమలోనూ ఆ మాటకు ఇదే అర్థం. హైదరాబాదు చుట్టూ ఇమారత్ కంచ, కంచ గచ్చిబౌలి వంటి పేర్లు ఇప్పటికీ వినపడుతూనే వున్నవి. ఇవన్నీ ఒకప్పటి గడ్డినేలల చిరునామాలు. ఇమారత్ కంచలో ఇప్పుడు క్షిపణుల పరిశోధన జరుగుతున్నది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద 2025లో ఎంత గొడవ జరిగిందో పాఠకులు మరచిపోయి వుండరు. విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది. ఆ రోజుల్లో అందరూ చెట్ల గురించి మాట్లాడారు, జింకల గురించి మాట్లాడారు, నెమళ్ళ గురించి మాట్లాడారు. మంచిదే. కాని పేరులోనే గడ్డి వున్న ఆ నేలలో గడ్డి ఊసెత్తినవారు చాలా తక్కువ.

"గడ్డి గురించి మాట్లాడేదేముందండీ? గడ్డి గడ్డేగా!" అంటారు మీరు. మన భాష కూడా మీ పక్షమే. ఎవడైనా లంచం తింటే గడ్డి కరిచాడంటాం. చివాట్లు పెడితే గడ్డి పెట్టాడంటాం. లెక్కలోకి రానిది గడ్డిపోచ. అయినా పొద్దున్నే మనం తాగే కాఫీలో పాలు ఎక్కడినుంచి వచ్చినవని ఒక్కసారి ఆలోచిస్తే, ఆ పోచ దగ్గరకే వచ్చి ఆగవలసి వుంటుంది.

గడ్డి ఒకటి కాదు. గడ్డి కుటుంబంలో లోకం మొత్తంమీద పదకొండు వేలకు పైగా జాతులున్నవని వృక్షశాస్త్రజ్ఞుల లెక్క. మన దేశంలోనే వెయ్యికి మించి వున్నవి. వరి, జొన్న, సజ్జ, కొర్ర, చెరుకు, వెదురు అన్నీ ఆ ఇంటివే. గరిక, దర్భ, రెల్లు, బోద, వట్టివేరు, చెంగలి, చీపురుగడ్డి అని మనవాళ్ళు విడివిడిగా పేర్లు పెట్టుకున్నారంటే, వాటితో విడివిడి పనులు పడ్డవన్నమాట. ఒకటి వినాయకుడికి, ఒకటి తద్దినానికి, ఒకటి ఇంటి కప్పుకు, ఒకటి వేసవి తడికెకు, ఒకటి వాకిలి వూడవడానికి. ఇక మంచి బీడులో గడ్డితోబాటు వెంపలి, పిల్లిపెసర, విష్ణుకాంత, తుమ్మి, తంగేడు, తుంగ వంటివి ఎన్నో కలిసి పెరుగుతవి. ఒక్క బారెడు నేలలో పది పదిహేను రకాలు కనబడితే అది ఆరోగ్యమైన బీడు అనవచ్చు.

మరి ఈ రకాలు ఎందుకు పెరుగుతవి, ఎందుకు తరుగుతవి? వాన ఒక కారణం, నేల ఒక కారణం. వాటికి మించిన కారణం మనిషి చేసే పని. ఎప్పుడు కోస్తాడు, ఎన్ని పశువుల్ని తోలుతాడు, ఏ నీరు పెడతాడు, ఎంత ఎరువు వేస్తాడు, ఎప్పుడు దున్నుతాడు, ఎప్పుడు వూరుకుంటాడు - వీటిని బట్టే బీడు రూపం మారుతుంది. ఈ సంగతి చూడడానికి దూరాభారం పోనక్కరలేదు. నాచారందాకా వస్తే చాలు.

* * *

నాచారం పేరు చెబితే ఇవాళ గుర్తుకు వచ్చేవి కార్ఖానాలు, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఎన్.టి. రామారావుగారి రామకృష్ణా స్టూడియో. ఉప్పల్ అంటే మెట్రోరైలు, క్రికెట్ మైదానం. ఇవి రెండూ ఒకప్పుడు పల్లెలే. తెలంగాణాలో ఏ పల్లెకైనా వున్నట్టే చెరువు కింద తరి, మెరకమీద ఖుష్కి, ఆ పైన రాళ్ళగుట్టల పక్కన పశువులు మేసే బీడు. ఇప్పుడు ఆ మెరకమీద కాలనీలు లేచినవి. నాచారం దాటి, ఉప్పల్ చౌరస్తా దాటి, దక్షిణంగా నాగోలు వంతెన వైపు వెడితే మూసీ వస్తుంది. అక్కడినుంచి కిందికి పీర్జాదిగూడ, పర్వతాపురం, కాచవాని సింగారం, ప్రతాపసింగారం. నదికి కట్టిన కత్వల నుంచి కాలవలు ఈ వూళ్ళ పొలాలకు నీరిస్తవి. నీరు అన్నమాటేగాని, వేసవిలో మూసీలో పారేదంతా పట్నం వదిలిపెట్టిన మురుగే.

ఆ మురుగునీటి మీద పచ్చగా, నడుము ఎత్తున, కనుచూపు మేర పెరిగే గడ్డి ఒకటుంది. దాని పేరు పారాగడ్డి. సొంతవూరు ఆఫ్రికా. బ్రెజిల్‌లో పారా అనే రాష్ట్రం వున్నది. అక్కడినుంచి లోకానికి పరిచయమైంది గనుక ఆ పేరుతో చలామణీ అవుతున్నది. దీని గుణాలు చూస్తే రైతుకు ముచ్చట పుడుతుంది. విత్తనం కొననక్కరలేదు, నాలుగు ముక్కలు బురదలో గుచ్చితే కణుపు కణుపునా వేరు దిగుతుంది. నీరు నిలిచినా చావదు. ఒకసారి నాటితే ఏళ్ళతరబడి కోసుకోవచ్చు. నెలకో, నెలన్నరకో ఒక కోత. యూరియా వేయనక్కరలేదు, ఆ సత్తువంతా మురుగులోనే కొట్టుకువస్తుంది. తెల్లవారకముందే కోసి మోపులు కట్టి పట్నంలోని గేదెల పాకలకు తోలుతారు. డబ్బు రోజుకారోజు చేతిలో పడుతుంది.

అక్కడ మొదటినుంచీ ఈ గడ్డి లేదు. మూసీ కింద పూర్వం వరి పండేది. మురుగు పెరిగినకొద్దీ వరికి నీరు పడలేదు. పైరు ఏపుగా పెరిగి పడిపోవడం, గింజ తగ్గడం మొదలైంది. రైతు లెక్క చూసుకుని గడ్డికి తిరిగాడు. పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలో కార్యాలయమున్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థవారు ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో ఈ వూళ్ళు తిరిగి ఈ సంగతులన్నీ రాసిపెట్టారు. ఇదే నీటిలో దిగి పనిచేసేవారికి కొంకిపురుగుల బెడద ఎక్కువని 2008లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. అయినా కోత ఆగలేదు. ఆగదు కూడా. పాకలో గేదెలు కట్టుకున్నవాడికి సాయంత్రానికి గడ్డి కావాలి. వాడిని నిలబెట్టి "నీ గడ్డిలో రకాలెన్ని?" అని అడిగితే నవ్విపోతాడు.

కాని అడగవలసిన ప్రశ్న అదే. ఎందుకంటే ఆ ఎకరాలకెకరాల పచ్చదనంలో రకం ఒక్కటే. పారాగడ్డి నీడలో మరో మొక్క తల ఎత్తలేదు. కాలవగట్ల మీద గరిక వుండవచ్చు, పొన్నగంటి వుండవచ్చు. మడిలో మాత్రం అదొక్కటే. దూరంనుంచి చూసేవాడికి పచ్చగా వున్నది గనుక బాగున్నట్టే కనబడుతుంది. ఆ చుట్టుపక్కల చెరువుల్లో గుర్రపుడెక్క చేసే పని కూడా అదే. మురుగు దిగిన చెరువు పైన పచ్చటి తివాచీ పరచినట్టుంటుంది, కింద ఇంకేమీ బతకదు.

* * *

తిండి ఎక్కువైతే రకాలు తగ్గడమేమిటని అనుమానం రావచ్చు. న్యాయంగా అయితే అందరికీ కడుపునిండితే అందరూ బతకాలి గదా! ఈ చిక్కు విప్పడానికి ఇంగ్లండులో ఒక పచ్చికబయలు నూట డెబ్భయి ఏళ్ళుగా సాక్ష్యం చెబుతున్నది.

రోథమ్‌స్టెడ్ అని లండనుకు ఉత్తరంగా ఒక వ్యవసాయ పరిశోధన క్షేత్రం వున్నది. దాన్ని నెలకొల్పిన జాన్ లాస్ ఎరువుల వ్యాపారి. ఎముకలమీద, ఫాస్ఫేటు రాళ్ళమీద ఆమ్లం పోసి సూపర్ ఫాస్ఫేటు తయారుచేయడానికి 1842లో పేటెంటు పుచ్చుకున్నవాడు. ఆయన, హెన్రీ గిల్బర్ట్ అనే రసాయనవేత్త కలిసి 1856లో ఒక పాత పచ్చికబయలును మడులుగా విడదీశారు. ఒక మడికి ఏమీ వేయలేదు. ఒకదానికి నత్రజని, ఒకదానికి భాస్వరం, ఒకదానికి పొటాషు, ఒకదానికి అన్నీ. గడ్డి దిగుబడి ఎంత పెరుగుతుందో చూడాలని వారి ఉద్దేశం. దిగుబడి పెరిగింది. దానితోబాటు వారు అనుకోని సంగతి మరొకటి జరిగింది. రెండు మూడేళ్ళు తిరిగేసరికి పక్కపక్క మడులు వేరు వేరు విత్తనాలు చల్లినట్టు తయారైనవి. ఏమీ వేయని మడిలో ఇప్పటికీ నలభైకి అటూ ఇటూ రకాలు కనబడతవి. నత్రజని దండిగా పడి నేల పులిసిపోయిన మడులలో రెండు మూడు రకాలే మిగిలినవి. ఎరువుల వ్యాపారి తన సొమ్ముతో పెట్టిన ప్రయోగం ఎరువు చేసే నష్టాన్ని కూడా దాచకుండా చెప్పింది. ఆ ప్రయోగం ఇప్పటికీ నడుస్తూనే వున్నది.

కారణం వెలుతురు. ఎరువు పడితే పొడుగ్గా, వేగంగా పెరిగే రకం ముందు అందుకుంటుంది. అది ఎదిగి గొడుగు పడితే కింద పొట్టివాటికి ఎండ అందదు. వాటికి కడుపునిండా తిండి వున్నా ఎండ లేక చస్తవి. 2009లో జూరిచ్‌లో కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని తమాషాగా రుజువు చేశారు. కుండీలలో గడ్డి పెంచి, ఎరువు వేసి, పొడుగు మొక్కల కింద, పొట్టివాటికి అందేలా దీపాలు వెలిగించారు. దీపం వున్నచోట రకాలు నిలిచినవి. దీపం లేనిచోట పోయినవి. మరి బీడంతా దీపాలు పెట్టగలమా? అక్కరలేదు. ఆ దీపం పెట్టే పని పూర్వంనుంచీ పశువు నోరు, మనిషి కొడవలి చేస్తూనే వున్నవి. గేదె పొడుగు గడ్డిని కొరికితే కింద విష్ణుకాంతకు ఎండ పడుతుంది. గడ్డికి ఎదిగే మొగ్గ నేలను అంటుకుని వుంటుంది గనుక పైన కొరికినా మళ్ళీ లేస్తుంది.

"అయితే పశువుల్ని ఎన్ని తోలితే అంత మంచిదన్నమాట" అని తొందరపడకండి. దానికీ ఒక హద్దున్నది. 1973లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురించిన ఒక గ్రంథంలో దబడ్ఘావ్, శంకరనారాయణ్ అనే శాస్త్రజ్ఞులు దేశంలోని గడ్డినేలలను అయిదు తరగతులుగా విడదీశారు. మన దక్కను పీఠభూమిది సెహిమా - డైకాంథియం తరగతి. ఈ రెండూ పశువు ఇష్టంగా తినే మంచి మేతగడ్డి జాతులు. కాపుదల వుంటే ఇవి నిలుస్తవి. మేపు మితిమీరితే పశువు మొదట తినేది వీటినే గనుక ఇవి ముందు పోతవి. వాటిచోట హెటిరోపోగన్ అనే ముల్లుగడ్డి వస్తుంది. దాని గింజలు పంచెకు, చీరకు గుచ్చుకుని ఒక పట్టాన వూడిరావు, గొర్రెతోలులోకి దిగుతవి. ఇంకా మేపితే చీపురుగడ్డి జాతి వస్తుంది. అది వాకిలి వూడవడానికి పనికివస్తుందిగాని ఆవుకు ఆకలి తీర్చదు. ఆ తరువాత మిగిలేది మట్టి. ఆ మట్టిలో వయ్యారిభామ దిగుతుంది. 1950ల మధ్యలో పూనా ప్రాంతంలో మొదట కంటబడిన ఈ అమెరికా మొక్క ఇవాళ నాచారంలో ఖాళీ ప్లాటు ఎక్కడుంటే అక్కడ తెల్లపూలతో నవ్వుతున్నది. దాన్ని పశువు తినదు. మనిషికి తగిలితే దురద, పూసినప్పుడు ఆయాసం. బీడు దిగజారే మెట్లలో అది ఆఖరు మెట్టు.

అందుచేత మేపును బొత్తిగా మాన్పిస్తే? అదీ చేసి చూశారు. రాజస్థాన్‌లో భరత్‌పూరు పక్షుల చెరువు లోకప్రసిద్ధం. 1981లో దాన్ని జాతీయ పార్కు చేశారు. 1982లో గేదెలు లోపలికి రాకూడదని గోడ అడ్డుపెట్టారు. పల్లెలవారు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినవి. పక్షులకోసమే గదా అని సమాధానం చెప్పుకున్నారు. తీరా చూస్తే గేదెలు పోయిన తరువాత పాస్పాలం అనే నీటిగడ్డి చెరువును అల్లుకుపోయింది. పక్షులు దిగడానికి తెరిపి నీరు కరువైంది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు పదేళ్ళు పరిశీలించి, గేదెలు చేసిపెడుతున్న మేలును ఒప్పుకున్నారు. పల్లెటూరి గేదెల కాపరి మొదటినుంచీ మొత్తుకున్నది అదే. అతనికి డాక్టరేటు లేదు గనుక ఎవరూ వినలేదు.

* * *

ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే అయితే మధ్యదారి ఏది? మన కంచ కట్టుబాటులో ఆ దారి వున్నది. కంచకు కంచె వేయడమంటే శాశ్వతంగా మూయడం కాదు. తొలకరి నుంచి గడ్డి ఎదిగి గింజ రాల్చేదాకా మూయడం, తరువాత తెరవడం. గింజ రాలింది గనుక వచ్చే ఏడు మొలకకు లోటు లేదు. ఎండుగడ్డి తిన్నారు గనుక నేల తెరిపి పడింది. ఇంగ్లండులోనూ పచ్చికను పూర్వం వేసవి నడుమ కోసేవారు. పూలు గింజకట్టే వ్యవధి దొరికేది. యంత్రాలు వచ్చి, ఎరువు వచ్చి, పచ్చిమేతను ముందుగా కోసి పాతరవేసే పద్ధతి వచ్చి కోత ముందుకు జరిగిన తరువాతనే అక్కడి పూలబయళ్ళు మాయమైనవి.

మందలు తోలే గొల్లకురుమల పద్ధతి కూడా ఇటువంటిదే. నాలుగు రోజులు ఒకచోట మేపి మరొక చోటికి నడుస్తారు. రాత్రిళ్ళు రైతు పొలంలో మంద పెడితే ఎరువు పొలానికి పడుతుంది. బీడులో తిన్న గింజలు కొన్ని గొర్రె కడుపులో, కొన్ని దాని ఉన్నిలో ప్రయాణం చేసి కొత్తచోట మొలుస్తవి. పొలానికి ఎరువు, బీడుకు తెరిపి, గొర్రెకు మేత - మూడూ ఒకే కర్ర పట్టుకున్న మనిషి చేతిలో జరుగుతవి. 2017లో తెలంగాణా ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీమీద గొల్లకురుమలకు పంచింది. ఇచ్చిన చేతిని తప్పుపట్టను. కాని గొర్రెతోపాటు దానికి గడ్డినేల కూడా ఇంత అని చూపించినట్లయితే ఆ కానుక నిండుగా వుండేది.

ఇక బతుకమ్మ సంగతి. మన ఆడవాళ్ళు ఏటా తొమ్మిదిరోజులు చేసే ఈ పండుగ ఒక విధంగా బీడు జనాభా లెక్క. గునుగు, తంగేడు, కట్ల, రుద్రాక్ష. వీటిలో కొన్ని పెరట్లో పెంచినవి వుంటే, కొన్ని ఎవరూ పెంచనివి. గునుగు ఎవరూ విత్తరు. జొన్నచేలో కలుపుగా, బీడులో వానకు దానంతటది లేస్తుంది. తంగేడు గుట్టవాలున, బాట పక్కన పూస్తుంది. తెలంగాణాకు అది రాష్ట్రపుష్పం కూడాను. పూర్వం పిల్లలు తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని పోయి కోసుకొచ్చేవారు. ఇప్పుడు ఉప్పల్, నాచారం ఇల్లాలు ఈ పూలకు బజారులో బేరం చేయవలసివస్తున్నది. పూలు ఎక్కడో దూరపు బీళ్ళనుంచి ఆటోలలో వస్తవి. జొన్న పోయి పత్తి వచ్చింది, కలుపుతీసే కూలి పోయి కలుపుమందు వచ్చింది. కలుపుమందుకు గునుగు పండుగపువ్వు అని తెలియదు. రంగులు చాలక తెల్లగునుగుకే రంగులద్ది పేర్చుకుంటున్నాం. బతుకమ్మ ఎత్తు తగ్గలేదు. అందులో రకాలు తగ్గినవి.

* * *

"పోతే పోయినవి. పాలు వస్తున్నవి గదా!" అనే పెద్దమనిషి వుండనే వుంటాడు. ఆయనకు మూడు జవాబులు.

మొదటిది కరువు. 1988లో అమెరికాలో పెద్ద కరువు వచ్చింది. మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ టిల్మన్ అనే శాస్త్రజ్ఞుడు అప్పటికే గడ్డిమడులు పెట్టి ఏటేటా తూకం వేస్తున్నాడు. కరువు ఏట రకాలు ఎక్కువ వున్న మడులలో గడ్డి సగానికి తగ్గితే, ఎరువు వల్ల రకాలు తరిగిపోయిన మడులలో అంతకన్నా చాలా దిగజారింది. 1994లో ఆయన, జాన్ డౌనింగ్ కలిసి ఈ లెక్క ప్రకటించారు. కారణం కష్టమైనదేమీ కాదు. ఒకటి లోతు వేరు, ఒకటి పైపై వేరు. ఒకటి తొలకరికి లేస్తుంది, ఒకటి వెనకవానకు లేస్తుంది. అందరూ ఒక్కసారి పడిపోరు. మన తెలంగాణాలో వాన సంగతి తెలిసినవారికి ఈ జవాబు ఒక్కటే చాలు. పారాగడ్డికి మాత్రం మురుగు ఆగిన రోజున మరో దిక్కు లేదు.

రెండవది బలం. గడ్డిలో పప్పుజాతి మొక్కలు కలిస్తేనే పశువుకు మాంసకృత్తులు సరిగా అందుతవి. అవి గాలిలోని నత్రజనిని వేళ్ళలో కట్టి నేలకూ పెడతవి. యూరియా గుమ్మరించిన చోట వాటి అవసరం తీరి, అవి పక్కకు తప్పుకుంటవి. ఎరువు కొని, ఎరువు చేసే మొక్కను పోగొట్టుకోవడం ఏం లాభసాటి బేరమో ఆలోచించండి.

మూడవది మిగతా ప్రాణులు. కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్ళపాడు అనే వూరి బీడులో బట్టమేకపిట్ట వుండేది. మనిషి నడుము దాటే ఎత్తు, ఎగిరే పక్షుల్లో మహా బరువైనది. దానికి చెట్టు అక్కరలేదు, గడ్డి కావాలి. 1988లో దానికోసమే అభయారణ్యం పెట్టారు. బీడును కాపాడారుగాని, చుట్టూ వున్న మెట్టనేల, దాని సేద్యం మారిపోయినవి. కాలవనీరు వచ్చింది, కొత్తపైర్లు వచ్చినవి. రైతుకు నీరు రావద్దని ఎవరనగలరు? కాని పిట్ట మాత్రం క్రమంగా తగ్గి, ఇప్పుడు కనబడడమే గగనమైంది. కంచెలోపల వున్నదాని బతుకు కంచెబయట సేద్యంమీద ఆధారపడి వుంటుందని ఆ పిట్ట మనకు నేర్పిన పాఠం.

* * *

సరే, చేయవలసిందేమిటి? పారాగడ్డి పీకేయమని నేను చెప్పను. మురుగు పారినంతకాలం, పట్నం పాలు తాగినంతకాలం అది వుంటుంది; ఉప్పల్ భాగాయత్ భూముల్లాగా ప్లాట్లయ్యేదాకా వుంటుంది. భాగాయత్ అంటే పాత రెవిన్యూ భాషలో తోటసాగు. 2019లో అక్కడ ప్లాట్లు వేలం వేశారు. తోట పేరులో మిగిలింది. గడ్డి మడులకు కూడా ఆ రోజు వస్తే, గేదెలవాడు ఎక్కడికి పోతాడన్న ఆలోచన ఇప్పుడే చేయాలి.

రైతు చేయగలిగినవి కొన్ని వున్నవి. గట్లమీద కలుపుమందు కొట్టవద్దు. అక్కడి గడ్డిని గింజ రాలిన తరువాత కోసుకుంటే మేతా దక్కుతుంది, విత్తనమూ దక్కుతుంది. మేత మడిలో ఒక పక్క అలసంద, పిల్లిపెసర, జనుము వంటివి పెడితే గేదెకు బలం. ఊరి బీడు మిగిలివుంటే దాన్ని నాలుగు తుండాలు చేసి, ఏడాదికొక తుండానికి వానాకాలమంతా సెలవు ఇవ్వాలి. ఏ తుండానికి ఏ ఏడు సెలవో పంచాయతీ గోడమీద రాసిపెడితే తగవుండదు. బీడుకు ఎరువు అక్కరలేదు. ఎరువు వేయకపోవడమే దానికి చేసే సేవ.

సర్కారు చేయవలసింది ఒకటున్నది. కాగితాలలో గడ్డినేలను బంజరు అనడం మానాలి. బంజరు అంటే పనికిరానిదని అర్థం స్థిరపడిపోయింది గనుక, దానికి ఏదో ఒక పని కల్పించాలన్న ఆత్రం ప్రతి అధికారికీ వుంటుంది. ఒకరు పరిశ్రమ అంటారు, ఒకరు ప్లాట్లంటారు, ఇంకొకరు మొక్కలు నాటుతామంటారు. 2015లో మొదలైన హరితహారంలో రోడ్లపక్కన, ఇళ్ళముందు ఎన్నో మొక్కలు నాటారు. నీడ వచ్చింది, సంతోషం. కాని ఎండమీద బతికే బీడులో వరసగా మొక్కలు నాటితే అది గడ్డికి గొడుగు పట్టడమే అవుతుంది. జూరిచ్ కుండీల సంగతి గుర్తున్నదిగదా! చెట్టుకు చెట్టుచోటు, గడ్డికి గడ్డిచోటు.

పట్నంవాసులమూ చేతులు ముడుచుకోనక్కరలేదు. మన అపార్టుమెంటులలో ఒకే రకం విదేశీ పచ్చిక పరచి, వారానికొకసారి గీకి, నీరు పోసి, ఎరువు వేసి పెంచుతున్నాం. తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వరసలో విశ్వవిద్యాలయం, సర్వే శాఖ, భూభౌతిక పరిశోధనశాల, జీవకణ పరిశోధనశాల వంటి పెద్ద ఆవరణలున్నవి. గోడల లోపల ఒక్కొక్కరు ఒక మూల పది గజాలు కొలిచి, దసరాదాకా కొడవలి తగలనీయకుండా వదిలిపెడితే ఏమేం లేస్తవో చూడవచ్చు. ఖర్చు ఏమీ లేదు, కోతకూలి మిగులుతుంది. బతుకమ్మకు గునుగు ఇంటిముందే దొరికినా దొరకవచ్చు.

2026ను పచ్చికభూముల, పశుపాలకుల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఇటువంటి సంవత్సరాలు సభలతో, దండలతో వెళ్ళిపోవడం మామూలే. దానికన్నా పాఠకులు ఒక చిన్న పని చేస్తే నయం. మీ ఇంట్లోగాని, మీ వూళ్ళోగాని పశువులు మేపిన పెద్దవారు వుంటే, వారికి తెలిసిన గడ్డి పేర్లు ఒక కాగితంమీద రాయించండి. ఏ గడ్డి ఏ నేలలో లేచేది, ఏది పాలు పెంచేది, ఏది ఏ నెలలో కోసేవారు - అన్నీ అడగండి. పేరు తెలిసినదాన్ని మనిషి వెతుకుతాడు. పేరు మరచినదాన్ని కలుపు అంటాడు. ఆ కాగితం పట్టుకుని వచ్చే వానాకాలం ఒకసారి బీడుకు వెళ్ళి, ఎన్ని మిగిలినవో టిక్కులు పెట్టుకోండి. చేను ఎంత మేసిందో, కంచ ఎంత మిగిలిందో అప్పుడు మీకే తెలుస్తుంది.